జగన్నాధం పోసిన నీళ్లు

నౌపడ జంక్షనులో జగన్నాధం గూడ్సు గుమస్తా. ఉప్పు వ్యాగన్లకు సీళ్లు వేయించడం ఆయన ఉద్యోగం, దేవుడు లేడని చెప్పడం ఆయన వ్యసనం. ఉద్యోగం కంటే వ్యసనమే శ్రద్ధగా సాగేది. ప్లాట్‌ఫారం చివర టీ కొట్టు బల్ల మీద కూర్చుని, శ్రీకూర్మం పోయేవాళ్లనూ, గ్రామదేవతకు కోడిని పట్టుకెళ్లేవాళ్లనూ, నెలకోసారి ప్యాసింజరు దిగి రైల్వే క్వార్టర్ల వరండాలో పూజ చెప్పి మళ్లీ బండెక్కిపోయే కథోలిక ఫాదరునూ ఒక్కలాగే వెటకరించేవాడు.

“రాయికి మొక్కినోడు ఒక ఎర్రోడు. రొట్టెకి మొక్కినోడు ఇంకో ఎర్రోడు. కొబ్బరికాయలమ్మినోడొక్కడే తెలివైనోడు” అనేవాడు.

వినేవాళ్లు నవ్వేవారు. నవ్వి, టీ తాగి, కొబ్బరికాయ కొనుక్కుని పోయేవారు.

ఆయనకు నమ్మకాలే లేవనడం కూడా పూర్తి నిజం కాదు. ఇంట్లో ఒక హోమియో పెట్టె ఉండేది. కలకత్తా నుంచి పోస్టులో తెప్పించుకున్న లావుపాటి పుస్తకం ముందు పెట్టుకుని, చిన్న సీసాల్లోంచి పంచదార గుళికలు తీసి, ఊళ్లో జ్వరాలకీ వాంతులకీ ఊరికే ఇచ్చేవాడు. కడివెడు నీళ్లలో ఒక చుక్క మందు వేసి, ఆ నీళ్లలో ఒక చుక్క తీసి మరో కడివెడు నీళ్లలో వేస్తే మందు బలం పెరుగుతుందని ఆయన గట్టిగా నమ్మేవాడు. భార్య దాలమ్మ ఒకసారి ఆ మాట ఎత్తిచూపింది.

“అది సైన్సు” అన్నాడాయన.

“మరి నాది?”

“నీది ఎర్రితనం.”

ఆవిడ కనబడిన దేవుడికల్లా మొక్కేది. మొగుడి వాటా కూడా కలిపి మొక్కేది.

అరవై ఏడులో ఆషాఢమంతా ముసురు. ఉప్పు మడులు నీట మునిగాయి. వ్యాగన్లు సైడింగులో ఖాళీగా తడుస్తున్నాయి. పని లేని ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం, కొండబాబు ఇంటి నుంచి పక్కింటి మనిషి పరిగెత్తుకుంటూ వచ్చింది. గుంటడు పాలు తాగడం లేదట, ఒళ్లు నీలంగా తిరుగుతోందట, పెట్టె పట్టుకుని బేగి రమ్మన్నారట.

కొండబాబు ఉప్పు మడుల మేస్త్రీ. రైల్వే గ్యాంగుమేను కూతురు రోజమ్మను ఇష్టపడ్డాడు. ఆమె కథోలిక పిల్ల. తన తల్లి నారాయణమ్మ ఏడ్చినా మొత్తుకున్నా వినకుండా కట్టుకున్నాడు. ఆ తరవాత ప్రతి సంగతిలోనూ తల్లి చెప్పినట్టే విన్నాడు. జీవితంలో ఒక్కసారి ఎదిరించి, దానికే అలిసిపోయిన మనిషి.

జగన్నాధం గొడుగూ పెట్టె పట్టుకుని వెళ్లేసరికి ఇంట్లో రోజమ్మా, పురిటి పిల్లవాడూ తప్ప ఎవరూ లేరు. కొండబాబు డాక్టరు కోసం సైకిలు మీద టెక్కలి పోయాడు. నారాయణమ్మ, అమ్మవారు పూనే కూర్మమ్మ దగ్గర విబూది తేవడానికి వెళ్లింది. రోజమ్మకే ఒళ్లు కాలిపోతోంది. మంచం మీద కూర్చోలేక గోడకు జారబడి ఉంది. వెనకాలే వచ్చిన దాలమ్మ పిల్లవాణ్ణి ఒళ్లోకి తీసుకుంది.

జగన్నాధం పుస్తకం తిప్పాడు. గుళిక నలిపి తల్లిపాలలో కలిపి నాలిక మీద వేశాడు. పాలు పెదవి చివర నుంచి కారిపోయాయి. ఇంకో సీసా తీశాడు. అదీ కారిపోయింది. పిల్లవాడి పెదవులు నేరేడు పండు రంగులోకి వచ్చాయి. పుస్తకంలో ఆ తరవాత ఇంకేమీ రాసిలేదు. ఆ సంగతి ఆయన మొహంలో రోజమ్మకు కనిపించింది.

“మావయ్యా, ఇంక లేదేటి?”

“డాట్రు వస్తాడు. కంగారు పడకు.”

“ఆయనొచ్చీ వరకు ఉండడు. నాకు తెలస్తన్నాది. నువ్వు నీళ్లు పొయ్యి. మా స్నానం.”

జగన్నాధానికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చిరాకు వచ్చింది. “అలాటివి నాకేటి తెలుసు. అంతగా అయితే నువ్వే పొయ్యి.”

“ఇంకో మనిషి ఉండగా కన్నోలు పొయ్యకూడదట. మా అమ్మ సెప్పీది. పేణం మీదకొస్తే ఎవులైనా పొయ్యొచ్చట, మా మతమోలే అవ్వక్కర్లేదట. మాట మటుకు తప్పు పోకూడదు. నువ్వు సదూకున్నోడివి.”

“అమ్మా, నాను ఏ దేవుణ్ణీ నమ్మను. ఊరందరికీ తెలుసు.”

“తెలుసు. నా గుంటడి కోసం సెయ్యి” అంది రోజమ్మ.

దాలమ్మ లేచి చెంబుతో నీళ్లు తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. పిల్లవాణ్ణి తల కిందకి వచ్చేలా పట్టుకుంది. ఆవిడ ఆయన వైపు చూడనైనా లేదు. రోజమ్మ వణుకుతూ, జోజి అని పేరు చెప్పి, మాటలు చెప్పింది. చిన్నప్పుడు నేర్చుకున్నవి, సగం యాసలో, ముక్కలు ముక్కలుగా. జగన్నాధం వాటిని సరిచేసుకున్నాడు. కుర్రతనంలో నాటకాల్లో పద్యాలు చదివిన గొంతు ఆయనది. “జోజీ, పిత యొక్కయు, పుత్రుని యొక్కయు, పవిత్రాత్మ యొక్కయు నామమున నీకు జ్ఞానస్నానము ఇచ్చుచున్నాను” అని ఒక్క అక్షరం పోకుండా పలికి, ఒక్కో పేరుకూ ఒక్కోసారి, మూడుసార్లు నుదుటి మీద నీళ్లు పోశాడు. చన్నీళ్లు తగిలి పిల్లవాడు ఎగశ్వాస తీసి కెవ్వుమన్నాడు. దాలమ్మ కొంగుతో తల తుడిచింది.

కాసేపటికి డాక్టరు జట్కాలో వచ్చి, ఊపిరితిత్తుల్లో కఫం కట్టిందని సూది పొడిచాడు. పిల్లవాడు బతికాడు. సూది వల్ల బతికాడని డాక్టరు, విబూది వల్ల బతికాడని నారాయణమ్మ, గుళిక కొంతైనా లోపలికి వెళ్లి ఉంటుందని జగన్నాధం ఎవరికి వాళ్లు సంతోషించారు. రోజమ్మ మాత్రం ఏమీ అనలేదు.

ఏమైనా అనవలసి వచ్చింది నామకరణానికి ముహూర్తం పెట్టినప్పుడు. మనవడికి కూర్మయ్య అని పేరు పెడతానని నారాయణమ్మ శ్రీకూర్మనాథుడికి మొక్కుకుంది. పంతులికి కబురు పెట్టింది. అప్పుడు రోజమ్మ, పిల్లవాడికి పేరు పెట్టడం అయిపోయిందనీ, జోజి అనీ, జ్ఞానస్నానం కూడా అయిపోయిందనీ నెమ్మదిగా చెప్పింది.

“ఎవులు పోసినారే?” అంది నారాయణమ్మ.

“జగన్నాధం మావయ్య.”

నారాయణమ్మ గుండెలు బాదుకోలేదు. నవ్వింది. నౌపడలో ఎవరు విన్నా నవ్వేవారే.

కానీ ఆమె తమ్ముడు సూరయ్య నవ్వలేదు. సూరయ్య ఉప్పు కాంట్రాక్టరు, రామకోవెల కమిటీకి పెద్ద. కోవెలలో దీపానికి నూనె ఉందో లేదో తెలియకపోయినా, కమిటీలో తన కుర్చీ ఎక్కడ వేస్తారో బాగా తెలిసిన మనిషి. మేనల్లుడి కొడుకు కిరస్తానంలో కలిసిపోయాడంటే ఆ కుర్చీకి మాటొస్తుంది. ఆయనా జగన్నాధమూ టీ కొట్టు బల్ల మీద పాతిక సంవత్సరాల జోడు. వరస లేకపోయినా బావ అనుకుంటారు.

“బావా, వచ్చీ ఆదివారం ఆ ఫాదరు వస్తాడు. పంచాయతీ పెడతన్నాను. ఏదో ఆ పిల్ల ఏడిస్తే ఎగతాళికి పోసినానని ఒక్క మాట సెప్పీ. నీకెలాగూ నమ్మకం లేదు. అబద్ధం కూడా కాదు కదా అది” అన్నాడు సూరయ్య.

“దానికి పంచాయతీ ఎందుకు. ఇప్పుడే సెప్తన్నాను. అంతా నాటకం” అన్నాడు జగన్నాధం. ఇద్దరూ టీ తాగారు.

ఆదివారం పూజ అయ్యాక కొండబాబు ఇంటి వరండాలో అందరూ కూర్చున్నారు. ఫాదర్ ఇన్నయ్య గుంటూరు వైపు మనిషి. నల్ల గొడుగు, నల్ల సంచి, చెమటకు తడిసిన తెల్ల అంగీ. ఈ తీరంలో నాలుగేళ్లు తిరిగి నలుగురినైనా మతంలో కొత్తగా కలపలేదని పైవాళ్లు అంటున్నారట. అందుకే ఈ పిల్లవాడి కబురు విన్నప్పటినుంచి ఆయన కళ్లల్లో, ఒడ్డుకొచ్చిన వలలో ఏదో మెదిలినప్పుడు బెస్తవాడి కళ్లల్లో కనిపించే వెలుగు కనిపిస్తోంది. సూరయ్య నులకమంచం మీద, నారాయణమ్మ గుమ్మం మీద కూర్చున్నారు. గుమ్మం లోపల చీకట్లో పిల్లవాడితో రోజమ్మ, పక్కన దాలమ్మ. కొండబాబు స్తంభానికి ఆనుకుని తాటాకు చూరు కేసి చూస్తూ నిలబడ్డాడు. తన కొడుకు సంగతి తేలుతున్నంతసేపూ అక్కడి నుంచి చూపు దించలేదు.

“జగన్నాధం గారూ, నేనడిగేది పెద్దగా ఏం లేదండీ. నీళ్లు మీరే పోశారా?” అన్నాడు ఫాదరు.

“పోసినాను.”

“మాటలు చెప్పారా?”

“ఆవిడ సెప్పమన్నవి సెప్పినాను.”

“సరే. పోసేటప్పుడు ఆ తల్లి అడిగిన పని చేద్దామనే పోశారా, చేసినట్టు నటించారా? మా శ్రీసభ చట్టంలో అంతా దీని మీదే ఉంటుందండీ. నటించి ఉంటే అది చెల్లదు. బిడ్డ ఎవరి బిడ్డో వాళ్లింటి పద్ధతిలోనే ఉంటాడు.”

సూరయ్య మంచం మీద సర్దుకుని కూర్చున్నాడు. ఇంక ఒక్క మాటే మిగిలింది. జగన్నాధం నోరు తెరిచాడు.

అబద్ధమాడనని ఆయనకు గర్వం. దేవుడనే పెద్ద అబద్ధాన్నే వదిలేసినవాడికి చిన్న అబద్ధాలెందుకని టీ కొట్టులో అనేవాడు. నటించానంటే ఏమిటి దాని అర్థం? బిడ్డ కళ్లముందు పోతుంటే, జ్వరంతో వణుకుతున్న తల్లిని చూసి, లోపల నవ్వుకుంటూ నీళ్లు పోశానని. అలా పోయలేదు. ఆ క్షణంలో ఆయనకు నవ్వు రాలేదు. ఆమె అడిగింది అడిగినట్టు జరిపించాలని తప్ప ఇంకేమీ తోచలేదు. గుమ్మంలోంచి రోజమ్మ ఆయన కేసి చూడటం లేదు, పిల్లవాడి కేసి చూస్తోంది. చూస్తున్నది దాలమ్మ.

“సెప్పు బావా” అన్నాడు సూరయ్య.

“నటించలేదు” అన్నాడు జగన్నాధం. చెప్పాక కోపం వచ్చింది. ఆ కోపం ఫాదరు మీదికి తిరిగింది. “సచ్చిపోతన్న గుంటడి ముందర నాటకమాడడానికి నానేటి మీలాటి పూజారినా? ఆవిడ ఏది కోరిందో అదే సేసినాను.”

“అది చాలండీ” అన్నాడు ఫాదరు.

“ఏటి సాలు? నాను నమ్మను. మీ దేవుడు లేడు, ఆ నీళ్లలో ఏటీ లేదు. నూతిలో నీళ్లు అవి.”

“మీరు నమ్మక్కర్లేదండీ” అన్నాడు ఫాదరు ఎంతో మర్యాదగా, సంచిలోంచి కలం తీస్తూ.

ముప్పై ఏళ్లుగా జగన్నాధాన్ని తిట్టినవాళ్లున్నారు. నరకానికి పోతావన్నవాళ్లున్నారు. పెళ్లిపందిరిలోంచి లేపేసినవాళ్లున్నారు. అవన్నీ ఆయనకు బిరుదులే. నీ నాస్తికత్వంతో మాకు పని లేదు, అడ్డం కూడా లేదు అన్నవాడు మాత్రం ఇంతవరకు లేడు. కష్టపడి సంపాదించుకున్న అపనమ్మకాన్నంతా ఆ గుంటూరు మనిషి చాటలో పొట్టులా ఊదిపారేశాడు. జగన్నాధం చెప్పులు తొడుక్కుని ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

సూరయ్య టీ కొట్టు బల్ల మారాడు. మిగిలినవాళ్లు మారలేదు. పోర్టర్లు కూడా జగన్నాధాన్ని చూసి “ఫాదరు గారొచ్చినారు, జరగండ్రా” అనడం మొదలుపెట్టారు. నారాయణమ్మ పంచాయతీని లెక్కచేయలేదు. మనవణ్ణి శ్రీకూర్మం తీసుకుపోయి, గుండు గీయించి, కూర్మయ్య అని పిలిచి తెచ్చింది. మరుసటి నెల ఫాదరు వచ్చి ఆ గుండుకే నూనె రాసి, నాలిక మీద చిటికెడు ఉప్పు పెట్టి, మిగిలిన తంతు పూర్తి చేశాడు. ఉప్పు సూరయ్య మడిలోదే. పిల్లవాడు రెండు చోట్లా సమానంగా ఏడ్చాడు. కొండబాబు రెండు చోట్లా ఎత్తుకుని నిలబడ్డాడు.

అక్కడితో అయిపోతే జగన్నాధం తట్టుకునేవాడు. కానీ చచ్చిపోతున్న బిడ్డ లేచి ఏడ్చిందన్న మాట ఉప్పు మడుల్లో పాకింది. ఒక పొద్దున్న మరిడమ్మ అనే ఉప్పు కూలి, విరేచనాలతో వాలిపోయిన ఆడపిల్లను భుజాన వేసుకుని ఆయన గుమ్మంలో కూర్చుంది. ఆమెకు కిరస్తానం ఏమిటో తెలియదు.

“బాబూ, ఆ నీళ్లు పొయ్యి” అంది.

“నీళ్లు కాదు, మందిస్తాను. పట్టు.”

“మందు వద్దు. కొండబాబు పిల్లడికి పోసినావే, అవి.”

“అవి ఊరికే నీళ్లు, మరిడమ్మా.”

“ఊరికే నీళ్లయితే పొయ్యడానికేటి? మేస్త్రీ పిల్లడికైతే పోస్తావు, కూలోల్ల పిల్లకైతే పొయ్యవు.”

దీనికి ఆయన దగ్గర ఉన్న జవాబు ఏమిటంటే, అప్పుడు నటించలేదు, ఇప్పుడు పోస్తే నటన అవుతుంది. అది మరిడమ్మకు చెప్పడం ఎలాగో తెలియలేదు. గొడుగు తీసుకుని, తల్లినీ పిల్లనూ గుణుపురం పోయే చిన్న రైలు బండి ఎక్కించి, తనే టెక్కలి ఆసుపత్రికి తీసుకుపోయాడు. బండి దారిలో ఆగి ఆగి నడిచింది. ఆయన పళ్లు బిగబట్టి రైల్వేనీ, ఇంజన్నీ, డ్రైవరు వంశాన్నీ తిట్టుకుంటూ కూర్చున్నాడు. పిల్లకు సెలైను ఎక్కించారు. తేరుకుంది.

మరిడమ్మ తిరిగొచ్చి చెప్పిన కథ వేరు. “నీళ్లు పొయ్యనన్నాడు గానీ, బండిలో కూకున్నంతసేపూ నోట్లో మంత్రం సదువుతూనే ఉన్నాడు. నా కళ్లతో సూసినాను.”

ఆ వారంలో ముగ్గురు తల్లులు వచ్చారు. జగన్నాధం అరిచాడు, తరిమాడు. తరిమితే మహత్తు ఎక్కువంటూ మర్నాడు ఇంకొందరు వచ్చారు. తిట్టే స్వాములంటే ఆ వైపు జనానికి మొదటినుంచీ గురి. ఈ రోత వదిలించుకోవాలంటే దీన్ని మొదలుపెట్టినవాడి నోటితోనే వదిలించాలని ఆయనకు తోచింది. ఫాదరు వచ్చిన ఆదివారం క్వార్టర్ల వరండాకు వెళ్లాడు. జపం మధ్యలో పిలవడం మర్యాద కాదని చివర దాకా ఆగాడు. బల్ల మీద కొవ్వొత్తులు, ముందు చాప, చాప మీద ఏడెనిమిది మంది. రోజమ్మ పిల్లవాడితో ముందు వరసలో ఉంది. వాళ్లు మోకరిస్తే ఈయన నిలబడ్డాడు, వాళ్లు నిలబడితే ఈయనా నిలబడే ఉన్నాడు.

అంతా అయ్యాక, గుమ్మంలోకొస్తున్న తల్లుల గురించి జగన్నాధం చెప్పింది విని ఫాదరు తలూపాడు. జనం వైపు తిరిగి, “ప్రియులారా, దివ్యసంస్కారముల ఫలము ఇచ్చువాని యోగ్యతను బట్టి కలుగునది కాదని గ్రహింపవలెను” అని మొదలుపెట్టి చాలాసేపు వివరించాడు. చాప మీద వాళ్లు ఆమెన్ అన్నారు. ఒక్కరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. జగన్నాధానికి అర్థమైంది గానీ, అది ఆయనకు కావలసిన మాట కాదు. ఆయనకు కావలసింది ఇతని చేతిలో ఏమీ లేదనే మాట. ఫాదరు చెప్పింది, చెయ్యి ఎలాంటిదైనా ఫరవాలేదనే మాట.

ఆ సమయంలో సైకిలు మీద సూరయ్య అటుగా పోతూ చూశాడు. సాయంత్రానికి, జగన్నాధం కిరస్తానంలో కలిసిపోయాడనీ, కొవ్వొత్తుల ముందు గంటసేపు నిలబడ్డాడనీ స్టేషను మాస్టరు దాకా తెలిసింది. “ఇంత గుట్టుగా ఎందుకండీ, మాతో చెబితే మేమేమంటాం” అన్నాడు స్టేషను మాస్టరు.

ఇంటికొచ్చి జగన్నాధం చొక్కా విప్పి నడవలో కూలబడ్డాడు.

“ఈ ఎదవలకి ఎలాగ సెప్తే బుర్రకెక్కుతాది?” అన్నాడు.

“ఎక్కదు” అంది దాలమ్మ, బియ్యం ఏరుతూ. “నువ్వు పోసినప్పుడు నా ఒళ్లోనే ఉన్నాడు గుంటడు. నువ్వు ఒళ్లు దగ్గిరెట్టుకుని పోసినావు. ఆ మొగం నాను సూసినాను. నువ్వే నీకు సెప్పుకోలేకపోతన్నావు, ఆలకేటి సెప్తావు.”

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే గుమ్మంలో మళ్లీ ఒక తల్లి. పిల్లకు జ్వరం. జగన్నాధం అరవడానికి లేచాడు. ఆయనకంటే ముందు దాలమ్మ చెంబుతో బయటికి వెళ్లింది. “రా అమ్మా, కూకో. ఆయన లోపల మందు కలుపుతాడు, నాను నీళ్లు పోస్తాను. కుదరకపోతే టెక్కలి పోవాలి, ఒప్పుకుంటావా?” అంది. తల్లి ఒప్పుకుంది. దాలమ్మ పిల్ల నుదుటి మీద నీళ్లు చిలకరించి, సింహాద్రి అప్పన్ననీ, అమ్మవారినీ, పక్కింటి గోడ మీద బొమ్మలో చూసిన మరియమ్మనీ వరసగా తలుచుకుంది. జగన్నాధం మడిచిన గుళికల పొట్లం తెచ్చి అందించాడు. తల్లి రెండు చేతులా దణ్ణం పెట్టి, తృప్తిగా వెళ్లింది.

“ఇది మోసం” అన్నాడాయన.

“నాను నమ్మే పోసినాను” అంది దాలమ్మ. “మోసం ఎలాగవుతాది? మోసమేదైనా ఉంటే ఆ పొట్లంలో ఉంటాది.”

ఆ ఏడాదంతా అలాగే జరిగింది. జ్వరాలు మందుకో, నీళ్లకో, వాటంతటవో తగ్గేవి. తగ్గనివాళ్లు మాట ప్రకారం టెక్కలి పోయేవారు. అంతకుముందు ఏడాది పోనివాళ్లు కూడా పోవడం వల్ల ఉప్పు మడుల్లో పిల్లల చావులు కొంచెం తగ్గాయి. ఆ గొప్ప ఎవరిదన్నది ఊళ్లో ఎవరికి వాళ్లు తేల్చుకున్నారు. జగన్నాధం టీ కొట్టుకు వెళ్లడం మానలేదు. రాయినీ రొట్టెనూ తిట్టడమూ మానలేదు. కానీ వినేవాళ్లు ఇప్పుడు నవ్వేవారు కాదు. స్వాములు తిడుతున్నారని చేతులు కట్టుకుని వినేవారు.